పెదనాన్న నడుముకి తూర్పు

మొదటిసారి నేను చేసిన వస్తువుని పెదనాన్న సరిగ్గా పదకొండు నిమిషాలు పెట్టుకుని తీసేశారు. కళ్ళజోడు ఫ్రేముకి ముందు అల్ట్రాసోనిక్ సెన్సర్, చెవి పక్కన చిన్న బజర్. ఎదురుగా ఏదైనా ఉంటే పీప్ పీప్ అంటుంది, దగ్గరయ్యే కొద్దీ తొందర తొందరగా మోగుతుంది, కారు వెనక్కి తీసేటప్పుడు వచ్చే శబ్దంలా. నెల రోజులు ఆఫీసు నుంచి వచ్చాక రాత్రిళ్ళు కూర్చుని చేశాను. ఆయన దాంతో వీధి చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చి, జాగ్రత్తగా తీసి నా చేతిలో పెట్టి, "తల్లీ, ఇది చెవి దగ్గర మోగుతుంటే నాకు రోడ్డు వినపడట్లేదమ్మా" అన్నారు.

పెదనాన్న వాళ్ళది తెనాలి దగ్గర కాలవగట్టు మీద ఊరు. నీటి కాసుల జబ్బుతో చూపు పక్కల నుంచి మూసుకుంటూ వచ్చి ఆరేళ్ళ కిందట పూర్తిగా పోయింది. (ఈ జబ్బుకి చాలామందిలో నొప్పి ఉండదు, ముందు పక్కచూపు పోతుంది, పోయిన చూపు తిరిగి రాదు. ఇంట్లో ఎవరికైనా ఉంటే మిగతావాళ్ళు, లేకపోయినా నలభై దాటినవాళ్ళు, కంట్లో ఒత్తిడి ఒకసారి చూపించుకోండి. ఎక్కడ అవకాశం దొరికినా ఈ మాట చెబుతుంటాను, ఇక్కడా చెబుతున్నాను.) నేను హైదరాబాద్‌లో ఎంబెడెడ్ సాఫ్ట్‌వేర్ పని చేస్తాను, మోటార్లు తిప్పే బోర్డులకి కోడ్ రాయడం నా ఉద్యోగం. సెన్సర్లూ మోటార్లూ తెలిసినదాన్ని కాబట్టి పెదనాన్న కోసం ఏదైనా చేయగలను అనుకుని మొదలుపెట్టాను. ఆయన అసలు ఎలా నడుస్తారో మాత్రం అప్పటికి ఒక్కసారి కూడా సరిగా చూడలేదు.

ఆ తర్వాత మూడు రోజులు సెలవు పెట్టి ఊళ్ళోనే ఉండి, ఆయన వెనకే నడిచాను. పక్కన నడిస్తే నా చెయ్యి పట్టుకుంటారని నాలుగడుగులు వెనకే. కర్ర నేలకి తగిలినప్పుడల్లా ఆయన తల కొద్దిగా ఒక పక్కకి వంగుతుంది. ఎందుకని అడిగితే, గోడ పక్కన ఉంటే శబ్దం మూసుకుపోయినట్టు ఉంటుందిట, గోడ అయిపోయి సందు వస్తే తెరుచుకున్నట్టు ఉంటుందిట. పిండిమర మోత కుడి చెవిలోంచి వెనక్కి పోతే సగం దూరం వచ్చినట్టు. సైడు కాలవ మీది పలక మీద కర్ర బోలుగా మోగితే మస్తాన్ గారి కొట్టు. ఎండ ముఖానికి తగులుతోందా, వీపుకి తగులుతోందా అన్నది ఇంకో గుర్తు. ఇన్ని పనులు చేస్తున్న చెవుల్లోకి నేను బజర్ పెట్టాను.

పైగా ఆ సెన్సర్ చెప్పేది కూడా ఆయనకి పెద్దగా పనికొచ్చేది కాదు. ఆ హెచ్‌సీ-ఎస్ఆర్04 సెన్సర్ 40 కిలోహెర్ట్జ్ శబ్దాన్ని వదిలి, అది తగిలి తిరిగొచ్చే సమయాన్ని బట్టి దూరం లెక్కేస్తుంది, 2 సెంటీమీటర్ల నుంచి 4 మీటర్ల దాకా అని కాగితం మీద ఉంటుంది. కానీ ఏటవాలుగా ఉన్న గోడ మీద పడితే శబ్దం పక్కకి జారిపోతుంది, తీగ మీద ఆరేసిన చీర మీద పడితే గుడ్డ దాన్ని మింగేస్తుంది. తెల్ల కర్రకి మోకాలి పైన ఉండేవి తెలియవు, ఆ లోటు నిజమే. అందుకే ఐఐటీ ఢిల్లీలో ప్రొఫెసర్ బాలకృష్ణన్ గారి బృందం స్మార్ట్‌కేన్ చేసింది, 2014లో బయటికొచ్చింది, కర్ర పిడికి బిగించుకుంటే ఎదురుగా ఉన్నదాన్ని అల్ట్రాసోనిక్‌తోనే పసిగట్టి చేతికి వణుకుతో చెబుతుంది. వాళ్ళు చెవి జోలికి వెళ్ళలేదు, చేతికి చెప్పారు. నేను మొదట ఆ వస్తువుని చూసి ఉంటే ఆ నెల రోజులు మిగిలేవి.

మూడో రోజు సాయంత్రం అసలు విషయం కనిపించింది. ఊరి మధ్యలో రామాలయం ముందు పెద్ద ఖాళీ జాగా ఉంది, కోతలప్పుడు ధాన్యం ఆరబోస్తారు, మిగతా రోజుల్లో పిల్లలు క్రికెట్ ఆడుకుంటారు. వీధుల్లో అంత తేలిగ్గా నడిచే పెదనాన్న ఆ ఖాళీ అంచుకి రాగానే ఆగిపోయారు. అక్కడ కర్రకి పట్టుకోవడానికి గోడ లేదు, గట్టు లేదు, శబ్దం తిరిగి రాదు. అరవై డెబ్బై అడుగులు మూలగా నడిస్తే గుడి మెట్లు, కానీ మొదటి పది అడుగుల్లో కొద్దిగా పక్కకి తిరిగితే చివరికి ఎక్కడ తేలతారో తెలియదు. ఒకసారి అలాగే నడుచుకుంటూ చెరువు గట్టుదాకా వెళ్ళిపోయారుట. అప్పటి నుంచి ఎవరైనా పిల్లాడు వచ్చి చెయ్యి పట్టుకునేదాకా అక్కడే నిలబడుతున్నారు. పెద్దమ్మ ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు.

చూపు ఉన్నవాళ్ళకి ఖాళీ జాగా సులువు, ఇరుకు కష్టం. ఆయనకి ఇరుకు సులువు, ఖాళీ కష్టం. ఆయనకి కావలసింది అడ్డం ఏముందో చెప్పే వస్తువు కాదు, తను ఎటు తిరిగి ఉన్నారో చెప్పేది. మనిషి ఒంట్లో లేని జ్ఞానం అది. కొన్ని పక్షులకీ తాబేళ్ళకీ భూమి అయస్కాంతం తెలుస్తుంది, మనకి తెలిసినట్టు ఉండదు.

వెతికితే ఇలాంటి పని ముందే జరిగిందని తెలిసింది. జర్మనీలో ఓస్నాబ్రుక్ యూనివర్సిటీలో పీటర్ క్యోనిగ్ బృందం ఫీల్‌స్పేస్ అని ఒక బెల్టు చేసింది. నడుం చుట్టూ చిన్న మోటార్లు, ఎటు తిరిగినా ఉత్తరం వైపు ఉన్న మోటారు ఒక్కటే వణుకుతుంది. చూపున్నవాళ్ళకి ఆరు వారాలు రోజంతా కట్టించి చూశారు, 2005లో ప్రచురించారు. కొందరికి కొన్నాళ్ళకి అది నడుం మీద వణుకులా కాకుండా, ఊరు ఏ దిక్కున ఎలా పరుచుకుని ఉందో తెలుస్తున్నట్టు అనిపించిందిట. తర్వాత అదే పని చూపులేనివాళ్ళ కోసం నావిబెల్ట్ అనే వస్తువుగా అమ్మకానికి కూడా వచ్చింది. కొనవచ్చు కదా అంటారేమో, మా ఇంటికి ఆ ధర అందేది కాదు.

ఎన్ని మోటార్లు పెట్టాలి అన్నది మొదటి ప్రశ్న. ఎక్కువ పెడితే కచ్చితంగా తెలుస్తుంది అనిపిస్తుంది గానీ నడుం చర్మం వేలికొస లాంటిది కాదు. కోలెవియాక్ అనే ఆయన బృందం 2004లో దీన్నే కొలిచింది: నడుం చుట్టూ 12 చోట్ల వణుకు పెడితే ఏది వణికిందో మనుషులు నాలుగింట మూడుసార్లే సరిగా చెప్పగలిగారు, 8 చోట్ల పెడితే 90 శాతం పైనే చెప్పారు. బొడ్డు దగ్గరా వెన్నెముక దగ్గరా బాగా తెలుస్తుంది, వాటి మధ్యవే కలగాపులగం అవుతాయి. ఎనిమిది అనగానే నాకు సంతోషం వేసింది, మన దిక్కులు ఎనిమిదే కదా. ఈశాన్యం, ఆగ్నేయం, నైరుతి, వాయవ్యం అని ప్రతి మూలకీ విడిగా పేరున్న భాష మనది. మా ఇంట్లో ఎవరూ బావి కుడి పక్క అనరు, బావి ఈశాన్యం మూల అంటారు. పెదనాన్న పడమటింట్లో పుట్టారు, ఉత్తరం తలగా పడుకోరు, మంచం ఎటు జరపాలో దిక్కు పేరుతోనే చెబుతారు. ఆయన తలలో పటం ముందే ఉంది, ఆ పటంలో తను ఎటు తిరిగి ఉన్నారో చెబితే చాలు.

సామాన్ల కోసం కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్ళాను. రూపాయి బిళ్ళకంటే చిన్న వైబ్రేషన్ మోటార్లు పది (రెండు పోతాయని ముందే తెలుసు), ఈఎస్‌పీ32 అనే బుల్లి కంప్యూటర్ బోర్డు, యూఎల్ఎన్2803 అనే ఐసీ, దిక్సూచి చిప్ ఉన్న చిన్న మాడ్యూల్, 18650 బ్యాటరీ, చార్జింగ్ మాడ్యూల్. ఆ యూఎల్ఎన్2803 గురించి ఒక మాట చెప్పాలి. బోర్డు కాళ్ళ నుంచి మోటార్లకి నేరుగా కరెంటు ఇవ్వకూడదు, బోర్డు పోతుంది. ఈ ఐసీలో సరిగ్గా ఎనిమిది దారులు ఉంటాయి, మోటారు ఆగినప్పుడు వెనక్కి తన్నే వోల్టేజీని ఆపే డయోడ్లు లోపలే ఉంటాయి, పైగా అది దాదాపు ఒక వోల్టు మింగేస్తుంది కాబట్టి 3.7 వోల్టుల బ్యాటరీ మీద 3 వోల్టుల మోటార్లు హాయిగా నడుస్తాయి. ఆ మోటార్లు నిమిషానికి 12,000 చుట్ల దాకా తిరుగుతాయి, అంటే సెకనుకి 200. మన చర్మం లోపల పాసీనియన్ కార్పసల్స్ అని ఉల్లిపాయ పొరల్లా ఉండే చిన్న చిన్న గ్రాహకాలు ఉంటాయి, వాటికి బాగా తెలిసేది 200 నుంచి 300 మధ్య వణుకే. ఫోన్ జేబులో వణికితే ఇట్టే తెలిసేది అందుకే.

దిక్సూచి చిప్ దగ్గర ఒక ఆదివారం పోయింది. హెచ్‌ఎంసీ5883ఎల్ అని ఇచ్చారు, కోడ్ రాస్తే జవాబే లేదు. చివరికి తెలిసిందేమిటంటే అది క్యూఎంసీ5883ఎల్, చూడటానికి అదే, కానీ బోర్డు దాన్ని పలకరించే చిరునామా వేరు, లోపల అంకెలు దాచే రిజిస్టర్లు వేరు. మీరు ఇలాంటిది కొంటే ముందు చిప్‌ల చిరునామాలు వెతికే ఐ2సీ స్కానర్ కోడ్ వేసి ఏ చిరునామా పలుకుతోందో చూసుకోండి.

బెల్టుకి మెడికల్ షాపులో నడుంనొప్పికి అమ్మే పట్టీ కొన్నాను, వెడల్పుగా, వెల్క్రోతో, గాలి ఆడే గుడ్డతో. మోటార్లన్నీ కుట్టించి కట్టుకుని చూస్తే ఉత్తరం ఎప్పుడూ నా వీపు వైపే ఉంది. ఎటు తిరిగినా వీపే. రెండు గంటలు కోడ్‌లో తప్పు వెతికి, చివరికి ఫ్రిజ్ మీది అయస్కాంతం తెచ్చి బెల్టుకి ఆనిస్తే టప్పున అతుక్కుంది. ఆ పట్టీ లోపల వెన్నుకి ఆసరాగా నాలుగు ఇనప పట్టీలు ఉన్నాయి! కుట్టు విప్పి తీసేశాను. అయినా ఇంకా తేడా చూపిస్తోంది, ఎందుకంటే ప్రతి మోటారులోనూ ఒక చిన్న అయస్కాంతం ఉంటుంది. అది కదలకుండా ఒకే చోట ఉంటే లెక్కలో తీసేయవచ్చు, కానీ బెల్టు వంగిన ప్రతిసారీ దూరాలు మారతాయి. అందుకని దిక్సూచిని నడుం మీద నుంచి తీసి, భుజం మీదుగా వెళ్ళే ఒక పట్టీకి వీపు పైభాగంలో కుట్టించాను, మోటార్లకి ఒక జానెడు పైన. నడుం గుండ్రంగా ఉండదు అన్నది మా వీధి టైలర్ చెప్పేదాకా తట్టలేదు. టేపుతో సమానంగా కొలిచి ఎనిమిది చోట్ల కుట్టమంటే, "మేడం, మనిషి ముందూ వెనకా చదునుగా, పక్కలకి వంపుగా ఉంటాడు, సమానంగా కుడితే మూలవి మూలకి రావు" అన్నాడు. అతనే ఒంటి మీద పెట్టి కొలిచి సుద్దముక్కతో గుర్తులు పెట్టాడు.

దసరాకి ఊరు తీసుకెళ్ళాను. పెదనాన్న బనీను మీద కట్టుకుని, పైన చొక్కా వేసుకుని పెరట్లోకి నడిచారు. నేను ఆ బెల్టులో ఎంత పెట్టానంటే, ఉత్తరానికి ఒక వణుకు, ఎదురుగా అడ్డం ఉంటే ముందు మూడు మోటార్లు కలిసి ఇంకో రకం వణుకు, యాభై అడుగులకి ఒకసారి రెండు పక్కలా టక్ టక్, బ్యాటరీ తగ్గితే మరొకటి. ఒక్కోదానికి ఒక్కో లయ. నేను ఒక కాగితం మీద రాసుకుని ఆయనకి నేర్పించడం మొదలుపెట్టాను. ఓపిగ్గా విన్నారు. కాసేపు నడిచి, "ఇది ఊరికే మాట్లాడుతూనే ఉందమ్మా. ఏ మాట దేనికో గుర్తు తెచ్చుకునేసరికి నేను ఎక్కడున్నానో మర్చిపోతున్నాను" అన్నారు. ఇంకో మాట కూడా అన్నారు, అది నన్ను ఎక్కువ కదిలించింది: "నేను తిరిగాక వస్తోంది. నాతో పాటు రావట్లేదు."

అది నిజం. దిక్సూచి అంకెలు గెంతుతుంటాయి కాబట్టి కోడ్‌లో చాలా రీడింగుల సగటు తీసుకున్నాను, దానివల్ల వణుకు సాఫీగా కదిలేది కానీ అర సెకను ఆలస్యం. కుర్చీలో కూర్చుని మెల్లగా తిరుగుతూ పరీక్షించిన నాకు అది తెలియలేదు. అర సెకను ఏమంత అనుకున్నాను. దీని గురించి చదువుతుంటే పాల్ బాక్-ఇ-రిటా అనే అమెరికా శాస్త్రవేత్త పని కనిపించింది. 1969లో ఆయన బృందం పాత డెంటిస్టు కుర్చీకి వీపు ఆనే చోట 400 చిన్న వణికే పిన్నులు పెట్టి, ఒక టీవీ కెమెరాలో కనిపించే బొమ్మని వాటి మీద పలికించింది. పుట్టుకతో చూపులేనివాళ్ళు కూడా అలవాటయ్యాక వీపుతో ముఖాలూ వస్తువులూ గుర్తుపట్టారు. అందులో అతి ముఖ్యమైన సంగతి, కెమెరాని వేరేవాళ్ళు కదిపితే వాళ్ళకి వీపు మీద గిలిగింతలే, తమ చేత్తో తాము కదుపుకుంటేనే వస్తువు ఎదురుగా ఉన్నట్టు తెలిసింది. అంటే ఒంటికి ఒక కొత్త జ్ఞానం రావాలంటే నేను కదిలితే అది కదలాలి, నేను ఆగితే అది ఆగాలి, ఆ రెంటికీ మధ్య సందు ఉండకూడదు. సందు వస్తే అది బయటివాళ్ళు చెప్పే మాట అయిపోతుంది. పెదనాన్న పెరట్లో ఒక్క చుట్టు తిరిగి చెప్పింది ఇదే.

హైదరాబాద్ తిరిగొచ్చి సగం కోడ్ తీసేశాను. అడ్డం చెప్పడం తీసేశాను, అడుగులు తీసేశాను, ఒక్క దిక్కే ఉంచాను. ఆలస్యం పోవడానికి గైరో ఉన్న ఇంకో చిప్ కలిపాను. గైరో ఒళ్ళు తిరిగిన క్షణమే చెబుతుంది, కానీ కాసేపటికి దారి తప్పుతుంది. దిక్సూచి గెంతుతుంది, కానీ దారి తప్పదు. వెంటనే వచ్చే మార్పుకి గైరోని నమ్మి, మెల్లగా దాన్ని సరిదిద్దడానికి దిక్సూచిని వాడితే ఇద్దరి బలమూ దక్కుతుంది. ఎడతెరిపి లేకుండా వణికితే చర్మం మొద్దుబారిపోతుంది, నాలుగైదు నిమిషాల తర్వాత వణుకుతోందా లేదా అన్నదే తెలియదు. అందుకని నిలబడి ఉన్నప్పుడు రెండు సెకన్లకి ఒక చిన్న తట్టు, ఒళ్ళు తిరుగుతున్నంతసేపూ మాత్రం వదలకుండా వణుకు. ఈ ఒక్క మార్పు దగ్గర వారం ఉన్నాను, ఆ వారం దండగ కాలేదు.

ఈసారి ముందు నేనే రెండు వారాలు కట్టుకున్నాను. మొదటి మూడు రోజులు చిరాకు. ఐదో రోజో ఆరో రోజో నెక్లెస్ రోడ్డు మీద ఆటోలో వెళుతుంటే ఉత్తరం నా కుడి పక్క నుంచి మెల్లగా ముందుకి, ముందు నుంచి ఎడమకి పాకింది. ఆ రోడ్డు హుస్సేన్‌సాగర్ చుట్టూ వంపు తిరుగుతుందని పటంలో నాకు తెలుసు, ఎన్నో ఏళ్ళుగా అదే దారిలో వెళుతున్నాను, కానీ ఆ వంపు ఒంటికి తెలియడం అదే మొదటిసారి. చెరువు అంతా ఒక పెద్ద వస్తువులా నా పక్కన తిరుగుతున్నట్టు అనిపించింది. మెట్రోలో ఎక్కితే మాత్రం పిచ్చి పట్టినట్టు తిరిగేది, చుట్టూ అంత ఇనుమూ కరెంటూ ఉంటే దాని తప్పు కాదు. రెండు వారాలయ్యాక తీసేసిన రోజు, ఏదో మర్చిపోయి ఇంట్లోంచి వచ్చినట్టు రోజంతా తడుముకున్నాను.

మన ప్రాంతానికి ఒక వెసులుబాటు ఉందని కూడా అప్పుడే తెలిసింది. జర్మనీలో భూమి అయస్కాంత రేఖలు నేలలోకి నిటారుగా దిగుతున్నట్టు ఉంటాయి, 60 డిగ్రీలు దాటి, అందుకే మనిషి కాస్త ముందుకి వంగినా దిక్సూచి తప్పుతుంది. అయస్కాంత భూమధ్యరేఖ మన దేశం దక్షిణపు కొస మీదుగానే పోతుంది కాబట్టి మన దగ్గర ఆ వాలు 20 డిగ్రీల చుట్టుపక్కలే. వంగి చెప్పులు వేసుకున్నా పెద్ద తేడా రాదు. నిజమైన ఉత్తరానికీ దిక్సూచి ఉత్తరానికీ మధ్య తేడా కూడా ఒకటి రెండు డిగ్రీల లోపే, లెక్కలోకి తీసుకోనక్కర్లేదు.

సంక్రాంతికి వెళ్ళాను. భోగి రోజు పొద్దున్నే పెదనాన్నకి కట్టాను. కట్టిన ప్రతిసారీ దిక్సూచికి కాలిబ్రేషన్ కావాలి, అంటే అది సరిగా చూపించేలా ముందు మెల్లగా చుట్టూ తిరగాలి. ఎలా చెప్పాలా అని చూస్తుంటే పెద్దమ్మ వంటింట్లోంచి, "గుళ్ళో ఆత్మప్రదక్షిణం చేసినట్టు మూడుసార్లు తిరగండి" అంది. ఆయన చేతులు జోడించుకునే తిరిగారు. కాసేపు అటూ ఇటూ నడిచి వరండా మెట్టు మీద కూర్చుని అడిగారు, "ఉత్తరం నాకెందుకమ్మా? తూర్పు చెప్పమనొచ్చుగా."

దిక్సూచి అంటే ఉత్తరం అని నా బుర్రలో ఎవరు పెట్టారో గానీ, ఇంకో దిక్కు పెట్టవచ్చని ఒక్కసారి కూడా అనుకోలేదు. ఆయన పొద్దున లేచి ముఖం పెట్టేది తూర్పుకి. ఇల్లు తూర్పు ముఖం. ఎండ ముఖాన పడటమే ఆయనకి రోజులో మొదటి గుర్తు, మిగతా దిక్కులన్నీ అక్కడి నుంచే లెక్క. ల్యాప్‌టాప్ తెరిచి 90 కలిపాను, అంతే, ఒక్క అంకె. కట్టుకుని వాకిట్లో నిలబడి, మోటారు బొడ్డు దగ్గర తట్టేదాకా మెల్లగా తిరిగి ఆగారు. ఎండ ముఖం నిండా పడలేదు, కుడి చెంప మీద కాస్త ఎక్కువ పడుతోంది. నేను కంగారుపడి తప్పు చూపిస్తోందేమో అన్నాను. ఆయన చెంప తడుముకుని, "లేదు, ఇదే సరైంది. పుష్యమాసం కదా, సూర్యుడు ఇంకా ఆగ్నేయం పక్కనే పొడుస్తాడు" అన్నారు. నేను ఫోన్‌లో చూశాను, ఆయన చెప్పిందే నిజం.

ఆ సాయంత్రం ఇంకొకటి. వీధిలోకి వెళ్ళొచ్చి, "మన ఇనప గేటు ఏమైపోయిందమ్మా?" అన్నారు. గేటు అక్కడే ఉంది. దసరాకి కట్టిన మొదటి బెల్టులో గేటు దగ్గరికి రాగానే వణుకు పక్కకి గెంతేదిట, వరండాలో బీరువా దగ్గర ఇంకో రకంగా తిరిగేదిట. ఆ ఇనుము దిక్సూచిని లాగడం వల్ల వచ్చిన తప్పు అది. గైరో కలిపి నేను ఆ తప్పుని తుడిచేశాను, తుడిచేశానని సంతోషపడ్డాను. ఆయన ఆ నాలుగు రోజుల్లోనే దాన్ని గుర్తుగా వాడుకున్నారు: వణుకు గెంతితే గేటు వచ్చింది, చెయ్యి చాపితే గడియ. ఆ రాత్రి కోడ్‌లో దిక్సూచి మాటకి బరువు కాస్త పెంచి, గైరో బరువు తగ్గించి, ఆలస్యం రాకుండా గేటు దగ్గర ఒక క్షణం నిలబడితే తెలిసేలా సర్దాను. మర్నాడు పొద్దున ఆయన గేటు దాకా నడిచి, తడుముకోకుండా గడియ మీద చెయ్యి వేశారు. పెద్దమ్మ గొబ్బెమ్మ చేతిలో పట్టుకుని అలాగే చూస్తూ నిలబడింది.

కనుమ రోజు సాయంత్రం గుడి ముందు ఖాళీకి వెళ్ళాం. నేను అంచునే ఆగిపోయాను. ఆయన స్విచ్ నొక్కారు. గుడి ఆ ఖాళీకి ఈశాన్యం మూల, కాబట్టి గుడి వైపు తిరిగితే తూర్పు ఆయన కుడి ముందు మూలలో తట్టాలి. మెల్లగా తిరిగారు, ఆగారు, బొడ్డుకీ కుడి పక్కకీ మధ్య చొక్కా మీద అరచెయ్యి పెట్టుకుని ఒకసారి సరిచూసుకున్నారు. తర్వాత నడిచారు. ఇరవై అడుగుల దగ్గర ఎడమకి కొద్దిగా లాగింది, నాకు గుండె కొట్టుకుంటోంది, పిలవకూడదని పెదవి కొరుక్కుని నిలబడ్డాను, ఆయనే సర్దుకున్నారు. మెట్టుకి రెండు బారలు ఎడమగా తేలారు. అక్కడ ధ్వజస్తంభం గంటలు వినపడతాయి కాబట్టి ఆ రెండు బారలూ ఆయనకి లెక్కలేదు. తిరిగి వచ్చేటప్పుడు తూర్పు ఎడమ వెనక మూలకి వెళుతుంది. ఆ వెనక మూల గుర్తుపట్టడానికి ఇంకో పది రోజులు పట్టిందని తర్వాత ఫోన్‌లో చెప్పారు.

ఆయన దాన్ని రోజంతా కట్టుకుంటారేమో అనుకున్నాను, ఆరు వారాల సంగతి చదివి ఉన్నాను కదా. కట్టుకోరు. సాయంత్రం గుడికి వెళ్ళేటప్పుడు కట్టుకుంటారు, వీధిలో స్విచ్ ఆపి ఉంచుతారు, ఖాళీ అంచున నొక్కుతారు. అందుకే స్విచ్ గురించి ఎక్కువ పట్టుబట్టారు. నేను పెట్టిన సన్న బటన్ తీయించి, వేలికి టక్కుమని తెలిసే పాతకాలపు పైకీ కిందకీ వేసే స్విచ్ పెట్టించుకున్నారు. నొక్కితే ఆన్ అయిందో ఆఫ్ అయిందో ముట్టుకుంటే తెలియాలి అన్నారు. నా బటన్‌కి ఎర్ర దీపం ఉండేది.

ఎండాకాలం చెమటతో రెండు మోటార్లు పోయాయి. ఈ బిళ్ళ మోటార్ల వైర్లు వెంట్రుకంత సన్నగా ఉంటాయి, వంగిన చోట మొదట్లోనే తెగుతాయి. ఇప్పుడు ప్రతి మోటారు వెనకా వేడి జిగురు చుక్క వేసి, వైరుని ఒక చుట్టు చుట్టి, పైన ష్రింక్ ట్యూబు వేస్తున్నాను. మోటార్లు ఒకేసారి లేచినప్పుడు బోర్డు రీస్టార్ట్ అయ్యేది, 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే ఆగింది. ఇవన్నీ ఎవరైనా చేసుకుంటారని రాస్తున్నాను, సామాను అంతా కలిపి నాకు మూడు వేల లోపే అయింది, టైలర్ డబ్బులు తీసుకోలేదు.

మొన్న వర్షాలప్పుడు పెదనాన్న ఫోన్ చేశారు. గుడికి వెళ్ళేటప్పుడు బాగానే పలుకుతోందిట, వచ్చేటప్పుడు తూర్పు మాయమైపోతోందిట. "ఎడమ వెనక మూలది తెగినట్టుందమ్మా, నాలుగు రోజులుగా పిల్లాడి చెయ్యి పట్టుకుని వస్తున్నాను" అన్నారు. బాగు చేయడానికి నేను ఏం చూడాలో కూడా ఆయనే చెప్పేశారు. శనివారం పొద్దున ట్రైనుకి టికెట్ తీసుకున్నాను, సోల్డరింగ్ ఐరన్, రెండు కొత్త మోటార్లు, జిగురు కడ్డీలు బ్యాగులో పెట్టాను. ఆయన ఇంకొకటి కూడా తెమ్మన్నారు. పక్క వీధిలో ఒకాయనకి షుగర్‌తో చూపు పోయిందిట, ఆయన నడుం కొలత నలభై రెండు అంగుళాలు అని రాసుకోమన్నారు. ఆయనకి కూడా తూర్పే పెట్టాలా అని అడిగితే, "అది ఆయన్నే అడుగు" అన్నారు.